మేస్త్రీ మాటకు పొలిమేర ఎవరు గీశారు?

ఇళ్ల అప్పుల కాగితాలు చూడడం నా ఉద్యోగం. ఎస్టిమేటులో ‘ప్లింత్’, ‘లింటెల్’ అని ఉంటే సంతకం పెడతాను. మొన్న హోసూరులో ఒక ఇల్లు చూడబోతే, పెద్ద మేస్త్రీ ‘గోడ మూలమట్టానికి రాలేదు, రెండు వరసలు తీసెయ్’ అన్నాడు. తమిళ కూలీకి అర్థమైంది. బి.కాం. చదివిన తెలుగువాణ్ణి, నాకు కాలేదు. సిగ్గుపడ్డాను.

మూలమట్టం, రసమట్టం! ఇంత పొందికైన మాటలు ఏ పండితులు కట్టారు? తమిళ మేస్త్రీలవీ ఈ మాటలే. పనిచోట పొలిమేర లేదు.

పొలిమేర పుస్తకాల్లో ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. తరువాత బూదరాజు రాధాకృష్ణ గారు ఇళ్లు కట్టేవారి మాటలు కూర్చారు. గొప్ప పనులే. కాని సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లోనే. 1956 నాటి రాష్ట్రాల గీతే మాటలకూ గీతైంది. హోసూరు, కృష్ణగిరి మేస్త్రీలు లెక్కకు రాలేదు.

అక్కడివాళ్లను తిట్టి లాభమేమిటి? బడిలో తెలుగు కావాలని కేకలు వేసే మనకే ‘పునాది’ అంటే నామోషీ, ‘ఫౌండేషన్’ అంటే గొప్ప. అసలే పోగొట్టుకుని వడ్డీ అడిగితే ఎవరిస్తారు? ఒక నోటుబుక్కు కొని మీ వీధి ముసలి మేస్త్రీ పక్కన కూర్చోండి. నేను కొన్నాను. మొదటి మాట మూలమట్టం.