అన్నం గరిటె, పప్పు గరిటె

ఈసారి తిండి గురించి రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి.

"శాకాహారం తింటే ఆరోగ్యం, మాంసం తింటే రోగం." ఈ మాట గుడిలో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నేను పుట్టుకతో శాకాహారిని. మా ఊరి గుడి వంటశాలలో చాలా ఏళ్ళుగా సేవ చేస్తున్నాను. అయినా ఈ మాట నేను ఒప్పుకోను.

ముందు తెలుగు మాటలు రెండు. తెలుగు నేర్చుకునేటప్పుడు నన్ను ఆపిన మాట "నీచు". మా ఇంట్లో చేపలకీ మాంసానికీ అదే పేరు, ఆ వాసనకీ అదే పేరు. "నీచం" అనే మాట దానికి పక్కింట్లోనే ఉంది. తినేదాని పేరులోనే తీర్పు ఉంటే ఆరోగ్యం గురించి నిదానంగా మాట్లాడుకోవడం కష్టం. రెండో మాట "అన్నం". మనం ఎవరినైనా "అన్నం తిన్నారా?" అని అడుగుతాం. "పప్పు తిన్నారా?" అని ఎవరూ అడగరు. నాకు ఉన్న భయం ఈ రెండో మాటతోనే.

ఇప్పుడు నేను సౌదీలో అభాలో ఉన్నాను, మా అమ్మాయి వాళ్ళింట్లో. అసీర్ ప్రాంతానికి ఇది ముఖ్యపట్టణం. సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సౌదీ అంటే ఇసుకే అనుకునేవాళ్ళు ఇక్కడ పొగమంచు, వాన చూస్తే ఆశ్చర్యపోతారు. కొండల మీద మెట్లు మెట్లుగా పొలాలు. పాత రోజుల్లో ఇక్కడివాళ్ళు గోధుమ, బార్లీ, జొన్న పండించుకుని తినేవారు. అరీకా అని ఒక వంటకం ఉంది. గోధుమ రొట్టెని మెత్తగా నలిపి నెయ్యి, తేనె పోస్తారు. చూడగానే తెలంగాణ మలీద గుర్తొచ్చింది. అసీదా అయితే మన సంకటికి దగ్గర చుట్టం. మాంసం అప్పుడు చుట్టాలు వచ్చినప్పుడు, పండగకీ.

ఇప్పుడు ఏ హోటల్‌కి వెళ్ళినా కబ్సా, మందీ. పెద్ద పళ్ళెం, అందులో అన్నం గుట్ట, పైన మాంసం. ఈ కొండల్లో వరి పండదు. సౌదీవాళ్ళు మన దేశపు బాస్మతిని చాలా ఎక్కువగా కొంటారు. మన కథ కూడా ఇలాంటిదే. జొన్న, సజ్జ, రాగి తిన్న ఊళ్ళు తెల్ల అన్నానికి వచ్చాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకి ఇచ్చింది. పేదవాళ్ళ ఆకలి తీరింది, దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ పండగనాటి అన్నం రోజూ అన్నం అయిపోయింది. మాంసం పళ్ళెం ఒకటి, పప్పు విస్తరి ఒకటి. రెంటిలోనూ కింద ఉన్న గుట్ట ఒకటే. షుగర్ జబ్బు అక్కడా ఎక్కువే, ఇక్కడా ఎక్కువే.

2023లో మన వైద్య పరిశోధన మండలి అధ్యయనం ఒకటి వచ్చింది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచులో ఉన్నారని అంచనా వేసింది. మన దేశంలో శాకాహారులకేమీ కొరత లేదు కదా. ఇంకో లెక్క చూడండి. 2014 ప్రభుత్వ సర్వే ప్రకారం ఆంధ్రలో, తెలంగాణలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. గుడిలో కూర్చుంటే ఇది తెలియదు! అయితే ఈ 98 మందిలో ఎక్కువమంది రోజూ మాంసం తినరు. ఆదివారం కోడి, మధ్యలో ఒకరోజు చేప లేదా గుడ్డు. మిగతా రోజులు అన్నం, చారు, పచ్చడి. కాబట్టి "మాంసాహారి" అనే పేరు విని ఆ మనిషి పళ్ళెంలో ఏముందో చెప్పలేం.

ఇదంతా పుస్తకాల గొడవ అయితే నేను రాసేదాన్ని కాదు. మా అల్లుడి ఆఫీసులో ఒక డ్రైవర్ ఉన్నాడు, అమలాపురం వైపు మనిషి. శుక్రవారం మా ఇంట్లో భోజనం చేస్తాడు. నిరుడు అతనికి షుగర్ అని తెలిసింది. ఊరినుంచి ఫోన్‌లో అందరూ ఒకటే సలహా: "నీచు మానెయ్, తగ్గిపోతుంది." గోదావరి మనిషి, చేప మానేశాడు. గుడ్డు మానేశాడు. గదిలో నలుగురు కలిసి వండుకుంటారు. కోడికూర వాళ్ళకి, ఇతనికి బంగాళాదుంప వేపుడు, ఆవకాయ. కూర తక్కువ, ఆకలి ఎక్కువ, కనుక అన్నం రెండింతలు. మూడు నెలల తర్వాత పరీక్షలో షుగర్ ఇంకా పెరిగింది. "దేవుడికి మొక్కుకుని మానేశానండి అమ్మగారూ, ఎందుకిలా?" అని అడిగాడు. డాక్టర్ అతన్ని అడిగింది ఒకటే: పూటకి ఎంత అన్నం?

ఒక్క మనిషి కథ రుజువు కాదు, నాకు తెలుసు. పెద్ద అధ్యయనాలు ఉన్నాయి. కాలిఫోర్నియాలో లోమా లిండా విశ్వవిద్యాలయం వాళ్ళు అడ్వెంటిస్ట్ క్రైస్తవులని ఏళ్ళ తరబడి గమనించారు. 73,000 మంది. 2013 ఫలితాల్లో శాకాహారుల్లో మరణాలు 12 శాతం తక్కువ. మా గుడిలో ఇది చెప్తే చప్పట్లు కొడతారు. కానీ వాళ్ళ పళ్ళెంలో ముడిధాన్యం, గింజలు, చిక్కుళ్ళు ఉంటాయి. పులిహోర, బూరె ఉండవు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 48,000 మందికి పైగా మనుషుల్ని 18 ఏళ్ళు చూశారు. 2019లో చెప్పింది ఏమిటంటే, శాకాహారుల్లో గుండెజబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువ. ఇది విని ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మాంసం అమాయకమైనది అని కూడా నేను అనను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో సాసేజీల్లాంటి నిలవ మాంసాన్ని క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఇక్కడ కుర్రాళ్ళు రాత్రి డ్యూటీ దిగి తినే వేపుడు కోడి, దాంతో పెద్ద సీసా కూల్‌డ్రింకు చూస్తే నాకు దిగులు. సౌదీ ప్రభుత్వం ఆ కూల్‌డ్రింకుల మీద 2017లో 50 శాతం పన్ను వేసింది. పన్ను వేసింది తీపి మీద!

మన తెలుగువాళ్ళకి ఆహార గురువులు తక్కువ లేరు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె లేని శాకాహారం అంటారు. వీరమాచనేని రామకృష్ణ గారు ధాన్యం మానేసి కొబ్బరినూనె తాగమంటారు, మాంసం, గుడ్లు తినొచ్చు అంటారు. ఖాదర్ వలీ గారు కొర్రలు, సామలు, అరికలు అంటారు. ఈ ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెడితే సాయంత్రానికి కూడా ఒక మెనూ రాయలేరు. వాళ్ళు చెప్పినవన్నీ నేను నమ్మను. కానీ మర పట్టిన తెల్లబియ్యం, పంచదార పక్కన పెట్టమని ముగ్గురూ అంటారు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 సూచనల్లో, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదు అంది. మన పళ్ళెంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోందట. పప్పులు, పాలు, కూరగాయలు పెంచమంది.

శాకాహారులం మనం ఇంకొకటి గుర్తు పెట్టుకోవాలి. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు కూడా మానేస్తే మాత్ర వేసుకోక తప్పదు. ఇక్కడ లబన్ అని సీసాల్లో అమ్ముతారు, అచ్చం మన చిక్కటి మజ్జిగ. డ్రైవర్‌కి అది రోజూ తాగమన్నాను. పొద్దున ఫూల్ తినమన్నాను. బాకలా గింజలు ఉడికించి మెదిపి నూనె, నిమ్మరసం వేస్తారు, చవక, కడుపు నిండుతుంది. మొక్కు మొక్కే, చేప తినమని నేను ఎలా చెప్తాను? మొక్కు లేకపోతే మాత్రం తినమనేదాన్నే.

నేను శాకాహారిగా ఎందుకు ఉన్నానంటే, ఒక ప్రాణిని చంపి తినడం నాకు ఇష్టం లేదు. నాకు ఆ కారణం చాలు. దానికి రక్తపరీక్ష కాగితం తోడు తెచ్చుకోనక్కరలేదు. ధర్మం కోసం మానేయండి అని చెప్తే అది నిజాయితీ. షుగర్ తగ్గుతుంది అని చెప్పి మాన్పిస్తే, తగ్గనప్పుడు ఆ మనిషి మన దగ్గరికే వచ్చి అడుగుతాడు.

మా గుడి అన్నదానంలో ముందు చక్కెరపొంగలి, తర్వాత పులిహోర, తర్వాత తెల్లన్నం, చివర దద్ధోజనం. నాలుగూ బియ్యమే. పప్పు ఒక చిన్న గరిటె. వచ్చేవాళ్ళలో సగం మంది నా వయసువాళ్ళు, జేబులో షుగర్ బిళ్ళలు ఉంటాయి. తెల్లన్నానికి చిన్న గరిటె, పప్పుకి పెద్ద గరిటె పెట్టమని నేను కమిటీలో అడిగాను. వారానికి ఒకసారి దంపుడు బియ్యం వండుదాం అన్నాను. ఒకాయన, "ప్రసాదానికి లెక్కలేంటండీ, దేవుడు చూసుకుంటాడు" అన్నారు. ప్రసాదం చేతిలో పట్టేంత, దాని జోలికి నేను పోను. నేను అడిగేది ఆ తర్వాత వడ్డించే భోజనం గురించి. ఇంకొకావిడ, గరిటె మారిస్తే జనం గుడి పిసినారి అయిందంటారు అన్నారు. అందుకే పప్పు గరిటె ముందు పెద్దది చేద్దాం అంటున్నాను. వచ్చే నెల వెనక్కి వెళ్ళగానే పెద్ద స్టీలు గరిటె నేనే కొని ఇస్తాను.