జీపు ముక్కు ఎక్కడుంది?

కొండదారుల్లో తిరిగే జీపులకు ముందు అద్దం పక్కగా టాపుదాకా ఓ నల్లగొట్టం ఉంటుంది, గమనించారా? పొగగొట్టం అనుకుంటారు చాలామంది. కాదు, అది ఇంజిన్ గాలి పీల్చే గొట్టం. పేరు స్నార్కెల్.

మామూలు బండి బానెట్ కిందనుంచే గాలి పీలుస్తుంది. వాగు దాటేటప్పుడు అందులోకి నీళ్లు పోయాయా, అంతే సంగతులు! పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే నీళ్లలో ఆగిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన కార్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

పీవీసీ పైపుతో స్నార్కెల్‌ను సొంతంగా చేసుకునేవారూ ఉన్నారు. పైపు లోపలి వెడల్పు కంపెనీ గొట్టం కన్నా తగ్గకూడదు. ఎయిర్‌ఫిల్టర్ డబ్బా వరకు ప్రతి అతుకునూ క్లిప్పులతో బిగించి సీలెంట్ పూయాలి. డబ్బా అడుగునుండే చిన్న రంధ్రం సంగతీ మరవద్దు. తర్వాత ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా పై మూతిని చెక్కతో మూసి చూడండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగలేదంటే ఎక్కడో గాలి దూరుతోందన్నమాట. గాలి దూరినచోట నీరూ దూరుతుంది. బాడీకి రంధ్రం పెట్టేముందు రవాణా శాఖ నిబంధనలు కనుక్కోండి.

ఒక్క మాట. స్నార్కెల్ ఉంటే బండి పడవైపోదు. వైరింగూ గేర్‌బాక్సూ కిందే ఉంటాయి. కంపెనీ లెక్కన కొత్త థార్ దాటగల నీటిలోతు 650 మిల్లీమీటర్లే. జోరుగా పారే నీరైతే రెండడుగులున్నా చాలు, చాలా వాహనాలను ఈడ్చుకుపోతుంది. పిల్లాపాపలతో వెళ్తున్నప్పుడు వాగు పొంగితే గట్టునే ఆగండి.