దాతల పేర్లు

పెద్దవంగర ప్రాంతమునుండి యొక సోదరీమణి మాకు లేఖ వ్రాసినారు. తమ మహిళాసంఘము పేదబాలికల చదువునకై నిధి కూర్చుచున్నదట. అధికముగ నిచ్చినవారి పేర్లు శిలపై చెక్కింపవలెనని కొందఱును, దానము గుప్తముగ నుండుటయే మేలని కొందఱును వాదించుచున్నారట. మా యభిప్రాయ మేమని వారి ప్రశ్న.

దీనికి సమాధానము దూరమున వెదకనక్కఱలేదు. పెద్దవంగర యున్న మహబూబాబాదు జిల్లాలోనే బయ్యారము చెఱువు గలదు. 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని సోదరియు, నతవాడి రుద్రుని భార్యయు నగు మైలాంబ దానిని నిర్మింపజేసి ధర్మకీర్తిసముద్రమని పేరిడినది. ఆమె వేయించిన శాసనములో కాకతీయుల పూర్వపురుషుల వరుస యున్నది. ఒక స్త్రీ తన దానమును వ్రాయించి యుంచుటచేత నొక రాజవంశచరిత్రలో ముఖ్యభాగము మనకు దక్కినది. కావున పేరు చెక్కించుట తప్పని మేము చెప్పజాలము.

ఐతే ఆ కాలపు దానశాసనములు పేరుతో నాగలేదు. ఏమిచ్చిరో, ఎందులకిచ్చిరో వ్రాసి, దాని నపహరించువారికి పాపము తప్పదని హెచ్చరించుట వాని మర్యాద. ఆ శిల దాతకు కీర్తి; దానమునకు కావలి. మన సంఘములును అట్లే పేరుప్రక్కన సొమ్మును, దాని యుద్దేశమును వ్రాయింపవలెను. ఏటేట సభలో లెక్క చదివి వినిపింపవలెను. పేరు వలదనువారి సొమ్మును గుప్తదానమని వ్రాసిన చాలును. లెక్కలో మాత్రము అది గుప్తము కారాదు.

మఱియొక మాట. ఇచ్చినది స్త్రీయైనచో ఫలానివారి భార్య యని వ్రాసి యూరకుండరాదు. మైలాంబ రాజసోదరియయ్యు, రాజపత్నియయ్యు తన పేరుతోనే నిలిచినది. పిడికెడు బియ్య మిచ్చిన యిల్లాలి పేరును, ఇంటింటికి తిరిగి చందా ప్రోగుచేసిన యామె పేరును సంఘము పుస్తకమున నదే యక్షరములతో నుండవలెను.

ఇక సన్మానసభ. దాతకు పసుపుకుంకుమ లిచ్చి, చీర పెట్టి గౌరవింపుడు, మాకు సంతోషమే. కాని సహాయమందిన బాలికను వేదికపై నిలిపి నలుగురికి చూపి, దాతకు మ్రొక్కింపకుడు. ఆ పిల్ల తలయెత్తుకొని బడికి పోవుటకే గదా మీరు నిధి కూర్చినది! ఆమె తల వంచి పుచ్చుకొన్న కీర్తి యే దాతకును శోభ కాదు.