క్రీడాభిమానం – వాదమర్యాద

వాదాలు రెండు విధాలు. ఎదుటివాని నోరు మూయించడానికి చేసేది ఒకటి. ఎదుటివానితో మరికాసేపు కూర్చోవడానికి చేసేది మరొకటి. క్రీడాభిమానుల వాదం ఈ రెండవ కోవకు చెందవలసినదని మా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటో, అది ఇటీవల మా కళ్ళ ఎదుటనే ఎట్లా సడలినదో విద్యార్థి మిత్రులకూ, పాలకవర్గపు పెద్దలకూ నివేదించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కళాశాల విడిచిన తరువాత ఆబిడ్స్ మీదుగా నడిచి నాంపల్లి స్టేషను చేరుకోవడం మాకు అలవాటు. దారిలో ఒక ఇరానీ హోటలున్నది. ఒక సాయంత్రం అక్కడ పక్క బల్ల వద్ద మన విద్యార్థులే ఇద్దరు, అజహరుద్దీన్ గొప్పవాడా, లక్ష్మణ్ గొప్పవాడా అని వాదులాడుకొంటున్నారు. ఒకడు 1984–85లో అజహర్ తన మొదటి మూడు టెస్టులలోనూ శతకాలు సాధించిన సంగతి ఎత్తాడు. రెండవవాడు 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై లక్ష్మణ్ చేసిన 281 పరుగులను ముందుకు తెచ్చాడు. అజహర్ 99 టెస్టులలోనే 22 శతకాలు చేశాడని మొదటివాడు, లక్ష్మణ్ 134 టెస్టులు ఆడి నిలిచాడని రెండవవాడు. ఇద్దరి సగటూ 45 మీద చిల్లర. ఇక అంకెలు తీర్పు చెప్పడం ఎట్లా? మణికట్టు విసురును మాటలలో వర్ణించలేక ఇద్దరూ చేతులు తిప్పి చూపుకోవడం మొదలుపెట్టారు.

మేము గమనించిన విశేషం వేరొకటి ఉన్నది. అజహర్ పక్షాన వాదించినవాడు నుదుట బొట్టు పెట్టుకొన్నవాడు. లక్ష్మణ్ పక్షం వహించినవాడు మగ్రిబ్ నమాజుకు వేళయినదని లేచినవాడు. చాయ్ ఒకటే తెప్పించుకొని ఒన్ బై టూ తాగారు. వాదం తేలలేదు. "రేపు చూసుకొందాం భాయ్" అని ఒకడన్నాడు. "రేపటి చాయ్ నీదే అన్నా" అని రెండవవాడన్నాడు. తేలని వాదమే మరునాటి కలయికకు పెట్టుబడి అని ఆనాడు మాకు తోచింది.

అయితే నాణేనికి మరొక ముఖం కూడా చూశాము. గత సంవత్సరం భారత్, పాకిస్తాన్ జట్లు ఆడిన ఒక క్రికెట్ పోటీనాడు, ఆట చూడడానికి కొందరు విద్యార్థులు ఒక గదిలో గుమిగూడారు. ఆట మధ్యలో ఒకడు పక్కవానిని, "ఇంతకూ నీవు ఏ జట్టు పక్షం?" అని నవ్వుతూ అడిగాడు. అడిగినవానికి అది పరిహాసం. విన్నవానికి కాదు. అతని పేరును బట్టి మాత్రమే పుట్టిన ప్రశ్న అది. అతడు బదులు చెప్పలేదు. ఆ తరువాత ఆటల మాట వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. మనవైపు కూడా తప్పు లేకపోలేదు. ఉర్దూ తెలియని సహాధ్యాయుల ఎదుట ఉర్దూలోనే ఎగతాళి చేసి, వారు తెల్లముఖం వేస్తే నవ్వుకొన్న సందర్భాలూ మేము ఎరుగుదుము. ఈ రెండు సందర్భాలలోనూ మేము మౌనం వహించాము. పిల్లల మాటలు గదా, అవే సర్దుకొంటాయి అనుకొన్నాము. అవి సర్దుకోలేదు. ఉపాధ్యాయుని మౌనం కూడా ఒక పక్షమేనని ఆలస్యంగా గ్రహించాము.

ఈ నగరంలో క్రీడాభిమానం ఇట్లా పుట్టినది కాదు. ఆబిడ్స్ నుండి నాలుగడుగులు వేస్తే లాల్ బహదూర్ స్టేడియం. ఒకనాటి ఫతే మైదానం అదే. ఈనాటి యువకులు ఈ నగరాన్ని క్రికెట్ నగరంగానే ఎరుగుదురు. ఒకప్పుడు భారతదేశమంతా దీనిని ఫుట్‌బాల్ నగరంగా ఎరుగును. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. 1950 డ్యూరాండ్ కప్పు పోటీలో కలకత్తా మహాజట్టు మోహన్ బగాన్‌ను ఓడించినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు వృత్తిచేత బడిపంతులు. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన భారత జట్లకు శిక్షకుడు ఆయనే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మన దేశాన్ని నాలుగవ స్థానంలో నిలిపినదీ ఆయన జట్టే.

కలకత్తా అభిమానులకు హైదరాబాదు ప్రత్యర్థి. అయినా ఆ కలకత్తాయే మన ఆటగాళ్ళను పిలిచి నెత్తిన పెట్టుకొన్నది. తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద జట్లకూ ఆడాడు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుపై, మోహన్ బగాన్ తరపున ఈడెన్ తోటలో గోలు చేశాడు. ఆ నగరంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానుల పోరు జగద్విదితం. ఒక ఏడు ఎదుటి పక్షాన నిలిచినవాడు మరుసటి ఏడు మన చొక్కా తొడుక్కొని వచ్చినప్పుడు అభిమాని ఏమి చేయాలి? చొక్కాను ద్వేషించినవాడు చిక్కులో పడతాడు. ఆటను ప్రేమించినవాడు చప్పట్లు కొడతాడు. 2023 ఆగస్టు 15న హబీబ్ హైదరాబాదులో కన్నుమూసినప్పుడు, ఆయన ఏ చొక్కాతో ఎదురు నిలిచాడని లెక్క చూడకుండా కలకత్తా మైదానాలు ఆయనను తలచుకొన్నాయి.

1962 జకార్తా కథ ఇంకా గొప్పది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం దొరకని విషయమై భారత ప్రతినిధి ఒకరు అభ్యంతరం తెలిపినందుకు ఆతిథ్య దేశపు జనం మన మీద ఆగ్రహించి ఉన్నారు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫుట్‌బాల్ తుదిపోటీ. మైదానం నిండా మనను ఎగతాళి చేసే జనమే. జట్టులో బలరాం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్ మన జంటనగరాల వారు. శిక్షకుడు రహీం సాహెబు, అప్పటికే ప్రాణాంతక వ్యాధితో ఉన్నవాడు. పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరియొక గోలు చేయగా 2–1తో మనవారు గెలిచారు. ఆ సముద్రమంత శత్రుఘోషలో మన పక్షాన కేకలు వేసినవారెవరో తెలియునా? పాకిస్తాన్ హాకీ జట్టువారు. ఆనాటి మన ఆటగాళ్ళు ఈ సంగతిని తరువాతి కాలంలో పలుమార్లు కృతజ్ఞతతో చెప్పుకొన్నారు. అదే క్రీడలలో హాకీ స్వర్ణం వారిది, రజతం మనది. హాకీ మైదానంలో కత్తులు దూసినట్లు ఆడినవారు ఫుట్‌బాల్ మైదానంలో మన కోసం గొంతు చించుకొన్నారు. పోటీని పగగా భావించినవారికి ఇది సాధ్యమయ్యేదా?

ఇటువంటి మర్యాద మన దేశానికే పరిమితం కాదు. చికాగోలో ఉద్యోగం చేస్తున్న మన పూర్వవిద్యార్థి ఒకరు అక్కడి ఫుట్‌బాల్ గురించి మాకు వ్రాశారు. అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట. చికాగో బేర్స్, గ్రీన్ బే ప్యాకర్స్ జట్ల పోటీ 1921 నుండి సాగుతున్నది. చికాగో మహానగరం, గ్రీన్ బే లక్ష జనాభాకు కాస్త మించిన పట్టణం. ఆ పట్టణపు జట్టు ఏ ధనవంతుని సొత్తూ కాదు, వాటాదారులైన సామాన్యుల ఉమ్మడి ఆస్తి. మన విద్యార్థి పనిచేసే కార్యాలయంలో రెండు జట్ల వారూ ఉన్నారు. వారమంతా ఒకరినొకరు ఉడికించుకొంటారు. ఆటనాడు ఓడిన పక్షంవాడు గెలిచిన పక్షంవానికి భోజనం పెట్టాలని వారి కట్టుబాటట. "మాస్టారూ, నాంపల్లి ఒన్ బై టూ ఇక్కడ కూడా ఉన్నది" అని ఆయన ముగించారు.

మర్యాద పాటిస్తే ఆటలో పస ఉండదనీ, ఉద్రేకమే అభిమానానికి ప్రాణమనీ కొందరు మిత్రులు అంటారు. ఉద్రేకం వద్దని మేమూ అనడం లేదు. గొంతు పెంచండి, బల్ల గుద్దండి, ఎదుటి జట్టు ఓడాలని మనసారా కోరుకోండి. అయితే వాదం ఆట మీద ఉండాలి, ఆడేవాని మీదనో చూసేవాని మీదనో కాదు. బంతిని గురించిన మాట పుట్టుకను గురించిన మాటగా మారిన క్షణాన అది క్రీడావాదం కాకుండా పోతుంది. ఈ దేశంలో పుట్టి, ఈ నగరపు నీళ్ళు తాగి పెరిగిన ఏ విద్యార్థీ తన అభిమానానికి సాక్ష్యం చూపనక్కరలేదు. అనుమానించేవారి కోసం అందరికంటె బిగ్గరగా కేకలు వేయనక్కరా లేదు. నచ్చిన ఆటను నచ్చినట్లు చూచే స్వేచ్ఛ అతనికీ ఉన్నది. ప్రత్యర్థి జట్టులో ఒకడు చక్కని బంతి వేస్తే "వాహ్" అనే స్వేచ్ఛ కూడా అందులో భాగమే. ఆ "వాహ్" అనలేనివానికి ఆట ఇంకా తెలియలేదనే మా అభిప్రాయం.

పాలకవర్గానికి మాదొక విన్నపం. ప్రతి సంవత్సరం కళాశాల క్రీడోత్సవాల ముందురోజు ఉర్దూ, తెలుగు భాషలలో ఒక క్రీడావాద సభ జరపాలి. ఖర్చు పెద్దగా ఉండదు. ఒక గది, ఒక గంట, అందరికీ చాయ్. నియమం ఒక్కటే: ప్రతి వక్తా ముందుగా ఎదుటి పక్షపు గొప్పతనాన్ని మూడు మాటలలో న్యాయంగా చెప్పాలి. అది చెప్పిన తరువాతనే తన పక్షాన్ని సమర్థించుకోవాలి. ఉర్దూలో మాట్లాడిన దానిని తెలుగులో, తెలుగులో మాట్లాడిన దానిని ఉర్దూలో ఒక విద్యార్థి వినిపించాలి. ఎవరు నవ్వినా అందరికీ అర్థమై నవ్వాలి. మొదటి సభకు అధ్యక్షత వహించే శ్రమ మేమే తీసుకొంటాము. మౌనానికి ప్రాయశ్చిత్తం చేసుకోవలసినవారము మేమే గనుక.

ఆటల మాట రాగానే లేచి వెళ్ళిపోయే ఆ విద్యార్థికి కూడా ఒక మాట. ఆ సభలో మొదటి వక్తగా నీ పేరు వ్రాసుకొన్నాము. అజహర్ పక్షమో, లక్ష్మణ్ పక్షమో నీవే నిర్ణయించుకో. ఏ పక్షమైనా సరే, చాయ్ మాత్రం ఒన్ బై టూ.