గంగమ్మ ఒడిలో తెప్ప ప్రయాణం

“ఈత రాదు, ఈ వయసులో నీకీ తెప్పల సరదా ఏమిటే?” అన్నారు అత్తయ్యగారు. నిజమే మరి! రిషీకేశ్ వెళ్ళింది గంగాస్నానానికి. అమ్మాయి పోరు పడలేక శివపురి దగ్గర రబ్బరు తెప్ప ఎక్కాను. అక్కణ్ణుంచి రిషీకేశ్‌కు నదిలో సుమారు 16 కిలోమీటర్లు.

చీర పనికిరాదు, చున్నీ లేని పంజాబీ డ్రస్సే మేలు. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించకపోతే నీళ్ళలో అది మెడ మీదికి జారుతుంది. పడిపోతే కంగారుపడి నిలబడబోకండి, రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు ప్రవాహం పోయే వైపు పెట్టాలి. గైడ్ ఇవన్నీ చెబుతుంటే అమ్మాయి నవ్వింది, నేను శ్రద్ధగా విన్నాను. తీరా ‘గోల్ఫ్ కోర్స్’ అనే ఉరవడి దగ్గర పడింది నేనే! ఆ మాటలే కాపాడాయి. తాడు విసిరి లాగారు.

జూలై, ఆగస్టుల్లో వరద, అప్పుడు వెళ్ళకండి. ఇసుక తిన్నెల మీద డేరాలను 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. మేము పైన కొండవాలులో డేరా వేసుకున్నాం. రాత్రంతా నది హోరే!

ఇంటికి రాగానే “గంగలో మునిగావా?” అన్నారు అత్తయ్యగారు.

“మునిగానండీ, సంకల్పం చెప్పుకునే వ్యవధే దొరకలేదు!”