కారు ఎలా ఉందో వెనక సీటునూ అడగండి!

వీధిలోకి కొత్త కారొచ్చిందంటే సాయంత్రానికల్లా దాని చుట్టూ ఓ చిన్న సభ తయారవుతుంది. ‘ఎంత పడిందండీ?’, ‘లీటరుకి ఎంతిస్తోంది?’, ‘డీజిలా, పెట్రోలా?’... అడిగేదీ మగవాళ్లే, జవాబు చెప్పేదీ మగవాళ్లే. ఆ ఇంటి ఇల్లాలిని మాత్రం అందరూ ఒక్కటే అడుగుతారు. ‘రంగు మీ సెలక్షనేనా వదినా?’ అని. పది పన్నెండు లక్షలు పోసి కొన్న వస్తువు మీద మన అభిప్రాయానికి దక్కే వాటా ఆ రంగు వరకే!

మరి ఆ కారులో వెనక కూర్చుని గంటలకొద్దీ ప్రయాణం చేసేది ఎవరు? చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకునేది ఎవరు? మోకాళ్ల నొప్పుల అత్తగారిని చెయ్యి పట్టుకుని ఎక్కించేది ఎవరు? పుట్టింటి నుంచి వస్తూ ఆవకాయ జాడీ ఒలక్కుండా రెండు కాళ్ల మధ్యా పెట్టుకుని కాపలా కాసేది ఎవరు? మనమే కదా! కాబట్టి కారు బాగోగులు చెప్పే హక్కు స్టీరింగు పట్టుకున్న శ్రీవారికి ఎంత ఉందో మనకీ అంతే ఉంది. ఇంకా మాట్లాడితే కాస్త ఎక్కువే ఉంది.

ఇప్పుడీ మాట ఎందుకొచ్చిందంటే, ఏలూరులోనూ గూడెంలోనూ ఎక్కడ చూసినా కొరియా కార్లే కనిపిస్తున్నాయి. హ్యుందాయ్ మనకి పాతికేళ్ల పరిచయం. 1998లో శాంత్రో వచ్చినప్పుడు ‘ఇదేం కారు, అగ్గిపెట్టెలా పొడుగ్గా’ అని నవ్వినవాళ్లున్నారు. నడుం వంచకుండా ఎక్కి కూర్చోవచ్చని పెద్దవాళ్లకి నచ్చింది, నిలబడింది. ఇప్పుడు దాని చెల్లెలు కియా వంతు. పైగా ఇది మన రాష్ట్రంలో తయారవుతున్న కారు. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ కట్టారు. 2022లో జిల్లాలు మారాక ఆ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. వానచుక్క కోసం ఆకాశం వంక చూసే సీమలో ఆ ఫ్యాక్టరీకి కావలసిన నీళ్లు హంద్రీ–నీవా కాలువతో గొల్లపల్లి రిజర్వాయరుకు చేరే కృష్ణమ్మ నీళ్లే. ‘మన కారు’ అనుకోవడంలో తప్పేముంది?

అయితే మన కారు అనుకున్నాక దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా తెలుసుకోవాలి. సంబంధం కలుపుకునేటప్పుడు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ వాకబు చేస్తామే, పదేళ్లు ఇంట్లో ఉండే కారుకి ఆ మాత్రం అక్కర్లేదా?

కియా 1944లో సియోల్‌లో పుట్టింది. అప్పుడు దాని పేరూ వేరు, పనీ వేరు. స్టీలు గొట్టాలు, సైకిలు సామాన్లు చేసేది. స్థాపించినాయన కిమ్ చోల్ హో. కొరియా యుద్ధం నడుస్తుండగా 1952లో దక్షిణాన ఉన్న బూసాన్ రేవులో కొరియావాళ్లు చేసుకున్న తొలి సైకిలును తయారు చేశారు. దాని పేరు ‘సంచల్లి’. అంటే మూడువేల లీలు, కొరియా దేశం ఈ కొస నుంచి ఆ కొసకి ఉన్న దూరం అన్నమాట. దేశం రెండు ముక్కలై తగలబడుతున్న రోజుల్లో ఒక సైకిలుకి దేశమంతటి పేరు పెట్టుకున్నారు! 1962లో జపాను మాజ్డా కంపెనీ సాయంతో మూడు చక్రాల చిన్న ట్రక్కు, 1974లో బ్రీసా అనే కారు. 1981లో అక్కడి సైనిక ప్రభుత్వం ‘మీరు కార్లు చేయకూడదు, చిన్న ట్రక్కులే చేయండి’ అంటే నోరు మూసుకుని చేశారు. మళ్లీ కార్లలోకి దిగి, పేరు తెచ్చుకుని, 1997లో అప్పులు కట్టలేక కూలబడ్డారు. 1998లో హ్యుందాయ్ వచ్చి కొనుక్కుంది.

హ్యుందాయ్ స్థాపించిన చుంగ్ జు యుంగ్ కథ అయితే మన గూడెం బియ్యం మిల్లుల వాళ్లు చెప్పుకోదగ్గది. ఇప్పటి ఉత్తర కొరియాలో ఓ పేద రైతు కొడుకు. తండ్రి ఆవును అమ్మిన డబ్బు పట్టుకుని ఇంట్లోంచి పారిపోయాడు. సియోల్‌లో బియ్యం కొట్టులో మూటలు చేరవేసే కుర్రాడిగా చేరి, కొన్నాళ్లకి ఆ కొట్టే తన చేతికి వచ్చేంత నమ్మకం సంపాదించాడు. తర్వాత కార్ల రిపేరు షెడ్డు, ఆ తర్వాత 1967లో కార్ల కంపెనీ. 1998లో, ముదిమి వయసులో, 1,001 పశువుల్ని లారీల్లో ఎక్కించి సరిహద్దు దాటించి ఉత్తర కొరియాకి పంపాడు. చిన్నప్పటి ఆ ఒక్క ఆవు బాకీ అలా తీర్చాడన్నమాట!

ఈ కథలు వినడానికి బాగుంటాయని మాత్రమే చెప్పడం లేదు. ఇందులో కొనేవాళ్లకి పనికొచ్చే మాట ఒకటుంది. కొరియా నుంచే వచ్చిన మూడో కంపెనీ దేవూ గుర్తుందా? 1995లో సియెలో, 1998లో ముద్దులొలికే మాటిజ్. శాంత్రోకి దీటైన కారు. 1999లో కొరియాలో తల్లి కంపెనీ అప్పుల్లో మునిగింది, కొన్నేళ్లకి ఇక్కడి ఫ్యాక్టరీ మూతపడింది. కారు మంచిదే, దాన్ని కన్నవాళ్లే లేకుండా పోయారు. ఆ కారు తర్వాతి తరమే 2007లో షెవర్లే స్పార్క్ అని కొత్త పేరుతో వచ్చింది. 2017 చివరికి షెవర్లే కూడా మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. అందుకే కారు కొనేటప్పుడు మొదట అడగాల్సింది ‘తెర ఎన్ని అంగుళాలు’ అని కాదు. ‘ఎనిమిదో ఏట తలుపు హ్యాండిలు విరిగితే ఎక్కడ దొరుకుతుంది? సర్వీసుకి ఏలూరులో అవుతుందా, బెజవాడ పరిగెత్తాలా?’ అని. మిక్సీ కొనేటప్పుడు జారు పగిలితే విడిగా దొరుకుతుందా అని అడిగే మనకి ఈ ప్రశ్న ఒకరు నేర్పాలా?

ఇక ఓనర్ల అభిప్రాయాలు. ముందు సీట్లో కూర్చున్న ఓనరుగారిని అడగండి, కియా గురించి మురిసిపోతూ చెబుతారు. చూపులకి దర్జాగా ఉంటుంది, పెద్ద తెర ఉంది, పైకప్పు తెరుచుకుంటుంది, సీట్లోంచే చల్లగాలి వస్తుంది, గుంతల రోడ్డు మీద అడుగు తగలదు అని. అవన్నీ నిజమే. చేపల లారీలు తిరిగే కొల్లేటి రోడ్ల మీద ఎత్తయిన కారు ఉండాల్సిందే.

అదే కారులో వెనక నుంచి దిగిన ఇల్లాలిని అడగండి. కియా అనే కాదు, ఈ ఎత్తు కార్లు ఏ కంపెనీవైనా మాట ఇలాగే ఉంటుంది. ‘ఎక్కడానికి ఎత్తు, కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడతాయి. అత్తగారికి చిన్న పీట వెయ్యాల్సి వస్తోంది. పైకప్పు తెరిస్తే మా పిల్లాడు తల బయటికి పెట్టి నిలబడతానంటాడు, ప్రాణం గుటుక్కుమంటుంది. కైకలూరు వెళ్లొచ్చేసరికి నా నడుం విడిగా వచ్చింది’ అంటుంది. ఈ అభిప్రాయం ఏ షోరూం వాళ్లూ రాసుకోరు. ఎందుకంటే ఎవరూ ఆమెను అడగలేదు.

ఎత్తు సంగతి వచ్చింది కాబట్టి మరొక్క ముక్క. 2024 సెప్టెంబరు వరదల్లో బుడమేరు నీళ్లు కొల్లేటికి చేరి, ఏలూరు–కైకలూరు రోడ్డు చిన ఎడ్లగాడి దగ్గర మునిగింది. అలాంటప్పుడు ‘మనది ఎత్తు కారే’ అని నీళ్లలోకి దించే ధైర్యవంతులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. గాలి పీల్చుకునే దారిలోంచి నీళ్లు పోతే ఇంజను కొట్టుకుపోయినట్టే. ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్టు చేస్తే అక్కడికి సరి. కారు ఎంత ఎత్తయినా పడవ కాదు. ‘ఆపండి’ అనడానికి వెనక సీటు మొహమాటపడకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. గుద్దుకుంటే ఈ కారు మనల్ని కాపాడుతుందా? దీనికి ఓ పరీక్ష ఉంది. మనుషుల్లాంటి బొమ్మల్ని, పిల్లల బొమ్మల్ని కూర్చోబెట్టి గంటకి 64 కిలోమీటర్ల వేగంతో కారును గుద్దించి చూస్తారు. దెబ్బల్ని బట్టి అయిదు వరకూ నక్షత్రాలిస్తారు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన సెల్టోస్‌ని అలా పరీక్షిస్తే పెద్దలకి 3, పిల్లలకి 2 నక్షత్రాలు వచ్చాయి. పిల్లలకి రెండే! అప్పటికే, 2018లోనే, టాటా నెక్సాన్ పెద్దల విషయంలో అయిదు నక్షత్రాలూ తెచ్చుకుంది. కొనేవాళ్లు నక్షత్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాక కంపెనీలు కదిలాయి. 2023లో మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష వచ్చింది. 2025లో ఆ పరీక్షలో కియా సైరాస్ పెద్దలకీ, పిల్లలకీ కూడా అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. చెయ్యడం చేతకాక కాదన్నమాట. అడిగేవాళ్లుంటే చేస్తారు.

కానీ నక్షత్రాలన్నీ బెల్టు పెట్టుకున్న బొమ్మలకే అక్కయ్యలూ! మన ఇళ్లలో ఏం జరుగుతోంది? ముందు సీట్లో తల్లి, ఒళ్లో బిడ్డ. ‘నా చేతుల్లో ఉంటే నాకు నిబ్బరం’ అంటాం. 50 కిలోమీటర్ల వేగంలో కారు దేన్నయినా గుద్దుకుని ఆగితే, పది కిలోల పసివాడు ఆ క్షణంలో రెండొందల కిలోల పైబరువుతో ముందుకు విసురుకుపోతాడు. ఏ తల్లి చేతులు ఆపగలవు? పైగా ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉంటుంది. రెప్పపాటు కూడా పట్టకుండా అది పేలి విచ్చుకుంటుంది. మనకీ దానికీ మధ్య ఉండేది బిడ్డే. మనల్ని కాపాడ్డానికి పెట్టిన సంచి బిడ్డ మీదకి దూకుతుంది. ఈ ఒక్క వాక్యం ప్రతి ఇంట్లోనూ చదివి వినిపించండి, చాలు.

వెనక సీటు సంగతీ అంతే. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలని మన మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టుతో గానీ, పిల్లల సీటులో గానీ కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో సవరించిన చట్టం చెబుతోంది. అయినా కొత్త కారు కొనగానే మనవాళ్లు చేసే మొదటి పని మెరిసే సీటు కవర్లు వేయించడం! ఆ కవర్ల కింద వెనక బెల్టుల కొక్కేలు సమాధి అయిపోతాయి. కొన్ని కార్లలో సీటు పక్కనుంచి విచ్చుకోవాల్సిన ఎయిర్‌బ్యాగుకి కూడా ఆ కవరే అడ్డం. పదివేలు పోసి ప్రాణరక్షణని కప్పెట్టుకుంటున్నాం. ‘బెల్టు పెట్టుకుంటే చీర నలుగుతుంది’ అనేవాళ్లూ ఉన్నారు. నలిగితే ఇస్త్రీ ఉంది కదమ్మా!

‘డబ్బు పెట్టేది ఆయన, ఇంజను గొడవలు మనకేం తెలుస్తాయి’ అనే వదినలకి ఓ మాట. ఆ కారు డౌన్‌పేమెంటులో మీ చిట్టీ డబ్బు లేదా? బ్యాంకు తాకట్టులో మీ గాజులు లేవా? నెలనెలా వాయిదా కోసం ఇంటి ఖర్చు కుదించేది మీరు కాదా? ఇక ఇంజనంటారా, షోరూంలో నిలబడి మాట్లాడే మగవాళ్లలో ఎంతమందికి తెలుసు? వాళ్లకీ ఎవరో చెబితే తెలిసిందే.

అందుకే ఈసారి మీ ఇంట్లో కారు మాట వస్తే షోరూంకి మీరూ వెళ్లండి. కాఫీ తాగి రంగు చూసి రాకండి. చీర కట్టుకునే వెళ్లి వెనక సీట్లోకి ఎక్కి దిగండి. అత్తగారిని తీసుకెళ్లి ఆవిడ చేత ఎక్కించి చూడండి. వెనక ముగ్గురికీ భుజం మీదుగా వచ్చే బెల్టులున్నాయా, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలున్నాయా చూడండి. ఎన్ని నక్షత్రాలు, ఏ ఏట పరీక్షించారు, మనం కొనే రకానికీ ఆ పరీక్షించిన రకానికీ తేడా ఏమిటి అని అడగండి. టెస్ట్ డ్రైవుకి నున్నటి బైపాసు వద్దు, మన వీధి గుంతల్లోకి తీసుకురమ్మనండి. ఆ పదిహేను నిమిషాలూ మీరు వెనకే కూర్చోండి. పైకప్పు తెరుచుకునే రకానికి పెట్టే డబ్బుని ఎయిర్‌బ్యాగులకీ, పిల్లల సీటుకీ మళ్లించగలరేమో చూడండి.

సైకిలు గొట్టాలతో మొదలైన కంపెనీ అయిదు నక్షత్రాల కారు దాకా వచ్చింది. రంగు చెప్పే దగ్గర మొదలైన మన అభిప్రాయం కొక్కెం దాకా, బెల్టు దాకా రాలేదా? వీలైతే లైసెన్సు దాకా కూడా రావాలి. ముందు సీటు ఎప్పుడూ ఒకళ్లదేనని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఏమంటారు?