దిగుమతి కార్లపై సుంకం, మోటారు వాహన పన్ను

భారతదేశంలో దిగుమతి కారుపై కస్టమ్స్ సుంకం విధించే అధికారం కేంద్రానిది. వాహన పన్ను విధించే అధికారం, రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు ప్రకారం, రాష్ట్రాలది. ఈ పన్నులు అంచెలుగా పడతాయి.

లెక్కింపు

2025 సెప్టెంబరు 22 నాటి రేట్ల ప్రకారం, రేవుకు చేరేసరికి 30 లక్షల రూపాయల విలువ గల 2000 సీసీ పెట్రోలు కారుపై సుంకం 70 శాతం, అనగా 21 లక్షలు. వస్తు సేవల పన్ను కారు విలువపై మాత్రమే కాక సుంకంపై కూడా పడుతుంది: 51 లక్షలపై 40 శాతం, అనగా 20.4 లక్షలు. మొత్తం 71.4 లక్షలు. రాష్ట్రం వసూలు చేసే జీవితకాల పన్ను దీనికి అదనం.

రాష్ట్రం మారినపుడు

జీవితకాల పన్ను చెల్లించిన రాష్ట్రానికే పరిమితం. మోటారు వాహనాల చట్టం (1988) సెక్షన్ 47 ప్రకారం, వాహనాన్ని 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచినచో అక్కడ తిరిగి రిజిస్టరు చేయించవలెను. పన్ను కూడా అక్కడ చెల్లించవలెను. 2021లో ప్రవేశపెట్టిన భారత్ సిరీస్ వాహనాలకు ఈ రిజిస్ట్రేషను మార్పు అవసరం లేదు.